26 లీటర్లు మరగడానికి ఎంత మంట కావాలి? బీరు గుండిగ కింద గ్యాస్ బర్నరు: ప్రాజెక్టు డైరీ

ఈ డైరీలో రుచుల ముచ్చట లేదు. ఇంట్లో బీరు కాచుకోవడానికి సరైన గ్యాస్ బర్నరు ఏదో తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు, 234 డాలర్లు పట్టింది. అందులో సగం నా తొందరపాటు ఖరీదు. ఆ సగం మీకు మిగలాలని లెక్కలన్నీ రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. నేనుండేది టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన. సొంతానికి బీరు కాచుకోవడాన్ని అమెరికా 1978 చట్టంతో అనుమతించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు పరిమితి. అమ్మకూడదు. మన దగ్గర అలా కాదు. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నేరమే. అక్కడి పాఠకులు ఈ కొలతల్ని బిర్యానీ గుండిగకు వాడుకోండి. మంటకు పైన ఉన్నదేమిటో తెలియదు.

దశ 0: వంటింటి పొయ్యి ఎందుకు చాలలేదు

నేను ఒకసారికి 19 లీటర్ల బీరు కాస్తాను. దానికి మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రసం 26 లీటర్లతో మొదలుపెట్టి గంటసేపు మూత లేకుండా మరిగించాలి. గుండిగ 38 లీటర్ల స్టీలుది, అడుగు వ్యాసం 35 సెంటీమీటర్లు. మా వంటింటి కరెంటు పొయ్యి మీద 1 గంట 50 నిమిషాలకు 97 డిగ్రీలు చేరి అక్కడే నిలిచిపోయింది. అంచుల్లో చిన్న బుడగలు తప్ప ఎసరు తెర్లినట్టు తెర్లలేదు.

అలా మరగకపోతే బీరులో చేదు కోసం వేసే పువ్వులైన హాప్స్‌లోని చేదు సరిగా దిగదు, మాల్టులోని మాంసకృత్తులు విరిగి అడుక్కు చేరవు, ఉడికించిన మొక్కజొన్న లాంటి వాసన ఆవిరితో పోకుండా బీరులోనే ఉండిపోతుంది. కాబట్టి పెరట్లోకి, గ్యాస్ మీదకి.

కొలిచే పద్ధతి, అన్ని పరీక్షలకూ ఇదే:

1. గుండిగలో 26 లీటర్ల నీళ్లు. చన్నీళ్లు, వేన్నీళ్లు కలిపి సరిగ్గా 24 డిగ్రీలకు తేవాలి.
2. గొట్టం విప్పి, సిలిండరును ఒంటరిగా తూచాలి.
3. మూత లేకుండా కాచి, తెర్లడం మొదలైన నిమిషం రాసుకోవాలి.
4. కట్టేసి, గొట్టం విప్పి, మళ్లీ తూచాలి.
5. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి.

తూచడానికి వాడింది విమానాశ్రయంలో 23 కిలోల పెట్టె దాటకుండా చూసుకునే వేలాడే త్రాసే. ఇండియాకు వెళ్లివచ్చే ప్రతి తెలుగువాళ్ల ఇంట్లోనూ అదొకటి ఉంటుంది. 10 గ్రాముల వరకు చూపిస్తుంది కానీ చేయి కదిలితే 20 గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే మూడుసార్లు.

26 లీటర్లను 24 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి నీటికి అందాల్సిన వేడి సుమారు 8.3 మెగాజౌళ్లు. కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 50 మెగాజౌళ్లు వస్తుంది. ఈ రెండు అంకెలూ చేతిలో ఉంటే ఏ బర్నరు ఎంత గాలిపాలు చేస్తోందో తేల్చేయవచ్చు.

దశ 1: పాతిక డాలర్ల పాత బర్నరు (జనవరి 27)

ఇక్కడివాళ్లు నవంబరు పండుగకు టర్కీ కోడిని నిండుగా నూనెలో వేయించే పొయ్యి ఇది. ఒకటే నాజిలు, మధ్యలోంచి నిటారుగా లేచే ఒకటే మంట. ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే కొన్నాను. పెట్టె మీద 55,000 బీటీయూ (గంటకు ఇచ్చే వేడి కొలత) అని ఉంది.

మూడు పరీక్షల సగటు: 58 నిమిషాలు, 0.62 కిలోల గ్యాస్. అంటే 31 మెగాజౌళ్లు కాల్చితే గుండిగలోకి వెళ్లింది 8.3. నూటికి 27 వంతులు. గంటకు బీటీయూల్లో చూస్తే సుమారు 30,000. పెట్టె మీది అంకెలో సగం చిల్లర.

గుండిగ అడుగున మసి దట్టంగా పట్టింది. పీచుతో అరగంట తోమినా నా గోళ్లలోకి వచ్చిందే ఎక్కువ, గిన్నె నుంచి పోయింది తక్కువ.

అయినా ఆ రోజే మొదటిసారి బీరు కాచాను. ఈ పొయ్యికి 15 నిమిషాల టైమరు ఉంది. నూనె పెట్టి మరిచిపోయేవాళ్ల కోసం పెట్టిన జాగ్రత్త. ప్రతి 15 నిమిషాలకు మీట నొక్కకపోతే గ్యాస్ దానంతట అదే ఆగిపోతుంది. మరగడం మొదలయ్యాక ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది. ఇక్కడ శనివారం ఉదయం, అక్కడ రాత్రి. మాట్లాడి వచ్చేసరికి మంట లేదు, రసం 91 డిగ్రీలకు దిగింది. ఎంతసేపు ఆగి ఉందో తెలియదు కాబట్టి హాప్స్ 60 నిమిషాలు ఉడికాయని రాసుకోవడానికి లేదు. చేదు లెక్క తప్పింది. ఆ టైమరును తీసి పక్కన పెట్టే ఉపాయాలు చాలామంది చెప్పారు. నేను చేయలేదు. దాన్ని కనిపెట్టింది నాలాంటి వాళ్ల కోసమే కదా.

*ఇప్పటివరకు:* బర్నరు 25, సిలిండరు నింపడానికి 19. మొత్తం 44 డాలర్లు. గ్యాస్ 3.06 కిలోలు.

దశ 2: సాలెగూడు, గాలి (ఫిబ్రవరి 10)

మంట పసుపుపచ్చగా, పొడుగ్గా, ఊగుతూ ఉంటే గ్యాస్‌కు గాలి చాలడం లేదని అర్థం. గాలి పీల్చే కంత దగ్గర తిరిగే మూత ఉంటుంది. దాన్ని పూర్తిగా తెరిచినా పసుపు పోలేదు. బర్నరు విప్పి గొట్టంలోకి టార్చి వేసి చూశాను. లోపల చిట్టచివర, బొటనవేలి గోరంత తెల్లటి పొర. సాలెగూడు. గ్యాస్‌కు కలిపే వాసనకు సాలెపురుగులు చేరతాయని ఇక్కడి వాడుక. నిజమో కాదో గానీ గూడు మాత్రం నిజం. 4 డాలర్ల బ్రష్షుతో రెండుసార్లు తోయగానే ఊడింది. వెలిగిస్తే నీలి మంట, లోపల పదునైన చిన్న కోనలు. రెండు వారాలు మసి తోమింది ఈ గోరంత గూడు వల్ల.

తర్వాత గాలి. ఇక్కడ ఫిబ్రవరి నుంచి మే వరకు మైదానం మీదుగా గాలి కొడుతూనే ఉంటుంది. ఊళ్లో పెళ్లిళ్లకు వంట చేయించే మా మామయ్యకు ఫోనులో వీడియో చూపించాను. పది సెకన్లు కూడా చూడలేదు.

“అల్లుడూ, నువ్వు గుండిగను కాదు, ఆకాశాన్ని కాస్తున్నావు. సెగ అడుగుకి తగలాలి, పక్కలకు పాకకూడదు. నాలుగు రేకులు నిలబెట్టు ముందు.”

“మా వాడుకలో బీటీయూ అని ఉంటుంది మామయ్యా...”

“అదేదో నాకు తెలియదు గానీ, రేకులు పెట్టు.”

పెట్టాను. మొదటిసారి అత్యుత్సాహంతో చుట్టూ పూర్తిగా మూసేశాను. ఐదు నిమిషాల్లో మంట మళ్లీ పసుపు తిరిగింది, కింద గాలి అందక. అంతకన్నా భయపెట్టింది గొట్టం: పట్టుకుంటే చేయి వెనక్కి లాక్కునేంత వేడి. వెంటనే కట్టేశాను. మార్చిన తీరు:

1. రేకులు మూడు వైపులే. గొట్టం వచ్చే నాలుగో వైపు పూర్తిగా ఖాళీ.
2. నేలకూ రేకుకూ మధ్య 10 సెంటీమీటర్ల సందు.
3. రేకుకూ గుండిగకూ మధ్య 5 సెంటీమీటర్లు.
4. సిలిండరు రేకుల బయట, గొట్టం అందినంత దూరంలో.

మళ్లీ మూడు పరీక్షలు: 41 నిమిషాలు, 0.44 కిలోలు. నూటికి 38 వంతులు. బర్నరు అదే, గ్యాస్ కాలే వేగమూ అదే. పదిహేడు నిమిషాలు తగ్గింది, మూడో వంతు గ్యాస్ మిగిలింది.

ఇక్కడ ఆగి ఉంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది. కానీ అప్పటికే కొత్త బర్నరుకు డబ్బు కట్టేశాను.

*ఇప్పటివరకు:* బ్రష్షు 4, రేకులు, బోల్టులు 21. మొత్తం 69 డాలర్లు. గ్యాస్ 4.38 కిలోలు.

దశ 3: పోతపోసిన పది అంగుళాల బర్నరు (మార్చి 2)

మన క్యాటరింగు వాళ్ల దగ్గర ఉండే చిల్లుల ఇనుప బర్నరుకు దగ్గరి చుట్టం ఇది. చుట్టూ చిల్లులు, వెడల్పాటి మంట, 20 పీఎస్ఐ (గ్యాస్ పీడనం కొలత) వరకు పెంచుకునే రెగ్యులేటరు. పెట్టె మీద రెండు లక్షల బీటీయూకు పైమాటే. స్టాండుతో కలిపి 95 డాలర్లు.

వెలిగించగానే అగరుబత్తి దీపమంత మంట. రెగ్యులేటరు ఎంత తిప్పినా అంతే. సరుకు పాడైందని తిరిగి పంపించేవాణ్ని. తప్పు నాది. ఇక్కడి సిలిండరు కనెక్షన్‌లో ఒక భద్రత ఉంటుంది. గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే గొట్టం తెగిందనుకుని ప్రవాహాన్ని బాగా కుదించేస్తుంది. రెగ్యులేటరు తెరిచి ఉంచి సిలిండరు వాల్వు తిప్పితే అచ్చం అలాగే దూసుకొస్తుంది. సరైన వరుస:

1. రెగ్యులేటరు, సిలిండరు వాల్వు రెండూ కట్టేయాలి.
2. గొట్టం సిలిండరు నుంచి విప్పి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ బిగించాలి.
3. రెగ్యులేటరు కట్టి ఉండగానే సిలిండరు వాల్వు మెల్లగా, చాలా మెల్లగా తెరవాలి.
4. అగ్గి దగ్గర పెట్టుకుని అప్పుడు రెగ్యులేటరు తిప్పాలి.

ఈసారి విమానం లేస్తున్నట్టు మోత. పక్కింటి కుక్క కంచె దగ్గరకు వచ్చి నన్నే చూస్తూ కూర్చుంది. పూర్తి మంట మీద, గుండిగకూ బర్నరుకూ 12 సెంటీమీటర్ల ఎడంలో: 17 నిమిషాలు, 0.64 కిలోలు. నూటికి 26. చెత్త పాత బర్నరు మొదటి రోజు చేసినంత దుబారా. గుండిగ పక్కల నుంచి మంట జానెడు పైకి లేస్తోంది, పిడులు ముట్టుకోలేం. మామయ్య మాట చెవిలో మోగింది.

మూడో పరీక్షకు 23 నిమిషాలు పట్టింది. దాన్ని లెక్కలోంచి తీసేశాను, ఎందుకంటే సిలిండరు కింది భాగంలో తెల్లగా మంచు పట్టింది. లోపలి ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది తననుంచీ చుట్టూ ఉన్న గాలినుంచీ లాక్కుంటుంది. పెద్ద మంట, అడుగంటిన సిలిండరు, బయట 8 డిగ్రీలు. మూడూ కలిస్తే లోపలి పీడనం పడిపోయి మంట చిన్నబోతుంది. మామూలు కుళాయి నీళ్ల తొట్టిలో సిలిండరు నిలబెడితే తేరుకుంది. వేన్నీళ్లు, హీటరు, మంట దగ్గరికి జరపడం లాంటివి కలలో కూడా చేయకండి.

అదే రోజు రెండోసారి బీరు కాచాను. మరిగాక మంటను కంటి అంచనాతో సగానికి తగ్గించాను. గంట తర్వాత 26 లీటర్లలో 17 మిగిలాయి. 22 ఉండాలి. రసం సాంద్రత (నీళ్లకు 1.000, చక్కెర చిక్కబడేకొద్దీ పెరుగుతుంది) 1.052 అనుకున్నది 1.067 వచ్చింది. పెద్ద బర్నరు “సగం” అంటే చిన్న బర్నరుకు రెట్టింపు.

*ఇప్పటివరకు:* 164 డాలర్లు. గ్యాస్ 8.20 కిలోలు.

దశ 4: మంటను మచ్చిక చేయడం (మార్చి 16)

కావాల్సింది రెండు మంటలు: వేడెక్కేటప్పుడు బలమైనది, మరిగేటప్పుడు గంటకు 4 లీటర్లకు మించి ఆవిరి కానివ్వనిది. రెగ్యులేటరు పిడి వెంట్రుకవాసి తిప్పితే మంట ఒక్కసారిగా మారిపోతోంది. బర్నరుకు ముందు ఒక సూది వాల్వు పెట్టాను.

పెట్టేటప్పుడు ఒక తప్పు. ప్రతి మర మీదా తెల్లటి టేపు చుట్టేశాను, నీళ్ల పైపులకు చుట్టినట్టు. సబ్బు నీళ్లు రాస్తే ఒక జాయింటు దగ్గర బుడగలు ఒకదాని మీద ఒకటి లేచాయి. గరాటు అంచులా ఉండే ఇత్తడి జాయింట్లకు టేపే అక్కర్లేదు. లోహం లోహానికి ఒత్తుకునే అవి లీకు ఆపుతాయి, టేపు అడ్డుపడుతుంది. మామూలు పైపు మరలకు గ్యాస్ కోసం చేసిన పసుపు టేపు. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాక బుడగ లేదు. ఇప్పుడు ప్రతిసారీ వెలిగించే ముందు సబ్బు నీళ్లు రాస్తాను.

తర్వాత ఎడం. రేకులు పెట్టి, మధ్యరకం మంట మీద:

- 12 సెంటీమీటర్ల ఎడం: 24 నిమిషాలు, 0.50 కిలోలు, నూటికి 33.
- 8 సెంటీమీటర్ల ఎడం: 21 నిమిషాలు, 0.43 కిలోలు, నూటికి 38.

5 సెంటీమీటర్లకు దించి చూశాను. మంట కొనలు పసుపు తిరిగి కళ్లు మండాయి, అడుగున మసి మొదలైంది. చల్లటి లోహానికి మంట ముందే తగిలితే పూర్తిగా కాలదు. ఆ పరీక్ష మధ్యలోనే ఆపి 8 దగ్గర స్టాండుకు చిల్లు వేసి బోల్టు బిగించేశాను.

ఇప్పుడు రెండు వరుసలు పక్కపక్కన చూడండి. పాత బర్నరు: 41 నిమిషాలు, 0.44 కిలోలు. కొత్తది: 21 నిమిషాలు, 0.43 కిలోలు. గ్యాస్ ఒకటే. 95 డాలర్లు పెట్టి నేను కొన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నేను చేసే పని సీసాలు కడగడం, అది ఎలాగూ గంట పని.

మరి కొత్తదాన్ని ఎందుకు ఉంచుకున్నానంటే స్టాండు కోసం. నిండు గుండిగ దాదాపు 35 కిలోలు, అంతా మరిగే చక్కెర రసం. పాత స్టాండు ఎత్తుగా, సన్నగా, ఒక కాలు బోల్టు ఊగుతూ ఉండేది. కొత్తది పొట్టిగా, వెడల్పుగా కూర్చుంది. కొనేటప్పుడు నేను బీటీయూ చదివాను. చూడాల్సింది కాళ్లను.

*ఇప్పటివరకు:* వాల్వు, టేపు, జాయింట్లు 24. మొత్తం 188 డాలర్లు. గ్యాస్ 10.99 కిలోలు.

దశ 5: గ్యారేజీలో (ఏప్రిల్ 6)

వాన. తలుపు సగానికి ఎత్తే ఉంచాం కదా అని పొయ్యిని గ్యారేజీలోకి లాగాను. మంట చక్కటి నీలం, పొగ లేదు, వాసన లేదు. మరగడం మొదలై ఇరవై నిమిషాలు. తల బరువుగా అనిపిస్తే నిద్ర చాలలేదనుకున్నాను.

ఇంట్లోంచి పలచటి కూత, నాలుగేసి సార్లు ఆగి ఆగి. మా ఆవిడ గొంతు: “ఏమండీ, హాల్లో అలారం మోగుతోంది! పిల్లల్ని బయటికి తీసుకొస్తున్నాను, మీరూ వచ్చేయండి.”

అది కార్బన్ మోనాక్సైడ్ అలారం. సిలిండరు కట్టేసి, తలుపు పూర్తిగా ఎత్తి, నలుగురం వానలో నిలబడ్డాం. అగ్నిమాపక సిబ్బంది వచ్చి, కొలిచి, సరేనన్నాకే లోపలికి వెళ్లాం. నీలి మంట కూడా ఈ వాయువును వదులుతుంది. చల్లటి గుండిగ అడుగు తగిలితే ఇంకా ఎక్కువ. తలుపు సగం తెరవడం అంటే తెరవకపోవడమే. పెద్ద బర్నరు ఆరుబయట, గోడకు మూడు మీటర్ల దూరంలో. వాన వస్తే ఆ వారం బీరు లేదు. దీనికి మినహాయింపు లేదు.

రసాన్ని వాన వెలిశాక పెరట్లో మళ్లీ కాచాను. గ్యాస్ 12.09 కిలోలు.

దశ 6: మాడిన సంచి (ఏప్రిల్ 20)

మాల్టు నూకను గుడ్డ సంచిలో వేసి 67 డిగ్రీల నీళ్లలో గంట నానబెడతాను. 63కు పడిపోయింది. సంచి ఎత్తకుండానే కింద చిన్న మంట వెలిగించాను, రెండు నిమిషాలే కదా అని. సంచి పాలిస్టరు. అడుగుకు అతుక్కుని అరచేతి మేర కరిగింది, నూకంతా జారి అడుగంటింది. అడుగంటిన పాయసం వాసన తెలుసు కదా, అదే. నాలుగున్నర కిలోల మాల్టు మొక్కల పాలు.

కొత్త సంచి 16. గుండిగ అడుగున పెట్టే చిల్లుల స్టీలు పళ్లెం 12, పొట్టి కాళ్లు ఉన్నది. సిలిండరు తిరిగి నింపడానికి అంతకుముందు ఇచ్చిన 18 కూడా ఇక్కడే కలుపుతున్నాను. మొత్తం 234 డాలర్లు. గ్యాస్ 12.44 కిలోలు.

దశ 7: పొంగకుండా ఒకసారి (మే 4)

వెలిగించే వరుస, ఇప్పుడు గోడకు అంటించి ఉన్నది:

1. బూట్లు, చేతికి తోలు తొడుగులు. చెప్పులతో వద్దు.
2. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో.
3. సబ్బు నీళ్లు.
4. గాలి వచ్చే వైపుకు మధ్య రేకు.
5. 95 డిగ్రీల దగ్గర మంట మూడో వంతుకు తగ్గించి, సూది వాల్వు మీద చేయి వేసి నిలబడాలి.

ఐదోది ముఖ్యం. 97 దగ్గర నురగ లేచింది. మొదట అంచుల్లో లేత గోధుమరంగు గీత, తర్వాత పాలపొంగులా ఒక్కసారి మధ్యలోంచి ఉబ్బి, గుండిగ అంచుకు రెండు వేళ్ల కిందకు వచ్చింది. వాల్వు పావు చుట్టు తిప్పాను. ఆగింది, ఒక క్షణం ఊపిరి పట్టినట్టు నిలబడి, కూలింది. రెగ్యులేటరుతో అయితే మంట ఆరిపోయేది, లేదా పొంగి బర్నరు చిల్లులన్నీ పూడేవి. రెండూ నాకు కొత్త కాదు.

గంటలో ఆవిరైనది 3.9 లీటర్లు. సాంద్రత 1.052. మొత్తం గ్యాస్ 0.95 కిలోలు.

సిలిండరు తూకం 11.5 కిలోలు. మెడ మీద చెక్కిన ఖాళీ బరువు 7.7 తీసేస్తే 3.8 మిగిలింది. ఇంకో నాలుగుసార్లకు వస్తుంది, చలి రాకముందే కాచేస్తే. పాత బర్నరును సాలెగూడు పట్టకుండా కంతకు గుడ్డ కట్టి షెడ్డులో పెట్టాను. మామయ్య డిసెంబరులో వస్తున్నారు, బిర్యానీ దాని మీదేనట.